ఒక పాఠానికి ఎన్ని వాకిళ్లు

బీఈడీ చదివేవాళ్లకూ, టెట్ రాసేవాళ్లకూ హోవర్డ్ గార్డెనర్ కొత్త పేరు కాదు. ఆయన బహుళ ప్రజ్ఞల పుస్తకం వచ్చింది 1983లో, ప్రజ్ఞలు మొదట ఏడు, తర్వాత ఎనిమిది. భాష, తర్కం-గణితం, సంగీతం, ప్రాదేశికం, శారీరకం, ఎదుటివాళ్లను ఎరగడం, తనను తాను ఎరగడం, ప్రకృతిని ఎరగడం. విజయవాడలో ఏ కోచింగ్ సెంటర్ మెటీరియల్ తిరగేసినా ఈ జాబితా ఉంటుంది. అది ఎక్కడ, ఎలా పుట్టిందో చెప్పేవాళ్లు తక్కువ. ఆ కథ తెలిస్తేనే తరగతిలో దాన్ని ఎలా వాడుకోవాలో తెలుస్తుంది.

గార్డెనర్ 1943లో అమెరికాలోని స్క్రాంటన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పియానో బాగా వాయించేవాడు. హార్వర్డ్‌లో మనోవిజ్ఞానం చదువుతుంటే ఆయనకు ఒక లోటు కనిపించింది. పిల్లవాడి బుద్ధి వికాసం అన్నప్పుడల్లా ఆ పుస్తకాలు తర్కం గురించీ, లెక్క గురించీ చెబుతున్నాయే తప్ప, పాట కట్టేవాడి బుద్ధి ఊసే లేదు. 1967లో తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ కళల విద్య మీద ప్రాజెక్ట్ జీరో మొదలుపెడితే అందులో చేరాడు. రెండేళ్ల తర్వాత నాడీ వైద్యుడు నార్మన్ గెష్విండ్ ప్రసంగం విన్నాడు. అది ఆయన్ను బోస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రికి నడిపించింది.

అక్కడ ఉన్నవాళ్లు పక్షవాతంతోనో, తలకు దెబ్బ తగిలో మాట పడిపోయినవాళ్లు. మెదడు ఎడమవైపు దెబ్బతిన్న మనిషి ఒక్క వాక్యం కూడా కూడగట్టుకోలేడు, తనకు తెలిసిన పాటను మాత్రం మాటలతో సహా పాడగలడు. కుడివైపు దెబ్బతిన్న మనిషి అనర్గళంగా మాట్లాడతాడు, తన గదికి దారి మాత్రం తెలియదు. రష్యన్ స్వరకర్త షెబాలిన్‌ది ఇంకా పెద్ద ఉదాహరణ. 1959లో రెండోసారి పక్షవాతం వచ్చి భాష దాదాపు పోయింది. ఆ స్థితిలోనే ఆయన తన అయిదో సింఫనీ రాశాడు. బుద్ధి అంతా ఒకటే ముద్ద అయితే, అందులో ఒక భాగం పోయి మరొకటి ఇలా చెక్కుచెదరకుండా ఎలా నిలుస్తుంది? గార్డెనర్ సిద్ధాంతానికి మూలం ఈ ప్రశ్నే. 1905లో పారిస్‌లో బినే తయారుచేసిన పరీక్ష నుంచి పెరిగిన ఐక్యూ అంకె దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు.

1979లో బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ మానవ సామర్థ్యం మీద అధ్యయనానికి డబ్బు ఇచ్చింది. ఆసుపత్రిలో చూసిన రోగులు, అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లలు, రకరకాల సమాజాలు, జీవపరిణామం, వీటన్నిటి సాక్ష్యాలనూ ఎనిమిది ప్రమాణాల జల్లెడ పట్టి ‘ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్’ రాశాడు. చదివి వెంటనే పనిలోకి దిగినవాళ్లు బడి పంతుళ్లు. ఇండియనాపోలిస్‌లో ఎనిమిది మంది ప్రభుత్వ ఉపాధ్యాయులు ఈ ఆలోచన ఆధారంగా 1987లో ఒక బడినే తెరిచారు.

చేదు అనుభవం కూడా ఉంది. 1990ల్లో ఆస్ట్రేలియాలో ఒక విద్యా కార్యక్రమం ఏ జాతి పిల్లలకు ఏ ప్రజ్ఞ ఉంటుందో, ఏది ఉండదో పట్టిక వేసింది. గార్డెనర్ అక్కడి టీవీలో కనిపించి దాన్ని గట్టిగా ఖండించాడు. ఈ ముక్క మన ట్రైనింగ్ కాలేజీల్లో తప్పకుండా చెప్పాలి. ‘వాళ్ల పిల్లలకు లెక్కలు ఎక్కవు’ అని కులం పేరు చూసి తేల్చేసే నోళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. సిద్ధాంతం ఆ నోళ్లకు ఆయుధం కాకూడదు. ఇది ఇప్పటికీ వాదనలో ఉన్న సిద్ధాంతమని కూడా చెప్పాలి. ఇన్ని వేర్వేరు ప్రజ్ఞలు ఉన్నాయనడానికి ఆధారం చాలదని 2006లో లిన్ వాటర్‌హౌస్ రాసింది. ‘నువ్వు విని నేర్చుకునే రకం, నువ్వు చూసి నేర్చుకునే రకం’ అని పిల్లల్ని విడదీయడం తన సిద్ధాంతం కాదని గార్డెనర్ కూడా స్పష్టంగా అన్నాడు.

మరి తరగతిలో మిగిలేది ఏమిటి? 1991లో ఆయన రాసిన మరో పుస్తకంలో జవాబు ఉంది. ఏ ముఖ్యమైన పాఠంలోకైనా పలు వాకిళ్ల నుంచి వెళ్లవచ్చు: కథగా, అంకెలుగా, మూల ప్రశ్నగా, కళగా, చేతిపనిగా. ఒక్కో పిల్లవాడికి ఒక్కో వాకిలి అని కాదు, అందరూ అన్ని వాకిళ్ల నుంచీ వెళ్లాలి.

కృష్ణా డెల్టాకు ఈ ఆలోచన పూర్తిగా పరాయిది కాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ బెజవాడ, బందరు వచ్చి మాట్లాడి వెళ్లాక జాతీయ విద్య కోరిక రాజుకుంది. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. అక్కడ పుస్తకం చదువు పక్కనే మగ్గం, వడ్రంగం, చిత్రలేఖనం ఉండేవి. పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పారు. ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర అక్కడే బొమ్మలు నేర్చుకున్న అడివి బాపిరాజు కవి, నవలాకారుడు, చిత్రకారుడు అయ్యి, తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. వాళ్ల లక్ష్యం స్వరాజ్యం, మనోవిజ్ఞానం కాదు. అయినా చేతికి, కంటికి కూడా చదువు ఉందని నమ్మి ఒక బడి నడిపారు. ఇవాళ విజయవాడ చుట్టూ ఇంటర్ హాస్టళ్లలో ఉన్న పిల్లలకు ఆ చదువు అందడం లేదు. అది నాకు బాధగా ఉంది.

మనోవిజ్ఞానం పాఠాన్ని మనోవిజ్ఞానం పద్ధతిలోనే చెప్పడం దగ్గర నాకు ఎక్కువ ఆశ. స్మృతి, అవధానం అనే పాఠం తీసుకోండి. ఒకేసారి గుర్తుంచుకోగల అంశాల గురించి జార్జ్ మిల్లర్ 1956లో చెప్పిన ‘ఏడు, రెండు అటూ ఇటూ’ బోర్డు మీద రాస్తే అరనిమిషం. అదే తరగతిలో చిన్న అవధానం పెట్టండి. ఒక విద్యార్థిని నిలబెట్టి ఒకరు లెక్క అడగాలి, ఒకరు అక్షరం నిషేధించాలి, ఒకరు మధ్యమధ్య గంట కొట్టాలి, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో విసిగించాలి. తిరుపతి వేంకట కవుల పేరు విన్న గడ్డ మీద ఈ ఆట అర్థం కావడానికి ఎవరికీ వివరణ అక్కర్లేదు. ధ్యాస ఎక్కడ తెగిందో నిలబడిన పిల్లే చెబుతుంది. తర్వాత కూచిపూడి జతి ఒకటి వినిపించి, లయతో ఉన్న అక్షరాలు ఎన్ని గుర్తున్నాయో, లయ తీసేస్తే ఎన్ని మిగిలాయో లెక్కపెట్టించండి.

నాడుల వేగం ఒంటితోనే నేర్చుకోవచ్చు. ఇరవై మంది వరుసగా నిలబడి, కళ్లు మూసుకుని, ఒకరు నొక్కగానే పక్కవారి భుజం నొక్కుతూ పోవాలి. చివరిదాకా ఎంతసేపు పట్టిందో గడియారంతో చూడాలి. తర్వాత నేల మీద కూర్చుని భుజానికి బదులు చీలమండ నొక్కాలి. రెండోసారి ఎక్కువసేపు పడుతుంది. చీలమండ నుంచి మెదడుకు దూరం ఎక్కువ కదా. ఆ అదనపు దూరాన్ని ఒక్కొక్కరికి పట్టిన అదనపు సమయంతో భాగిస్తే నాడుల వేగం ఉజ్జాయింపుగా తేలుతుంది. దీన్ని రోజిన్, జోనిడెస్ 1977లో రాశారు. ఒంటి పని, జట్టు పని, లెక్క ఒకే ఆటలో కలిశాయి. పావ్లోవ్ నిబంధన (కండిషనింగ్) పాఠానికి కంకిపాడు వైపు పొలానికి తీసుకెళ్లండి. దుక్కి దున్నే ట్రాక్టరు వెంట కొంగలు దిగుతాయి. అవి చప్పుడు విని వస్తున్నాయా, తిరగబడ్డ మట్టిని చూసి వస్తున్నాయా? తేల్చడానికి ఏ పరిశీలన చెయ్యాలో పిల్లల్నే రాయమనండి.

ఇవన్నీ చేయించి, సెమిస్టర్ చివర మళ్లీ ‘గార్డెనర్ ప్రజ్ఞలను వివరింపుము’ అని అడిగితే పిల్లలు జాబితాకే తిరిగి వెళతారు. ప్రశ్నపత్రం కూడా మారాలి. ఒకే పాఠాన్ని మూడు వాకిళ్ల నుంచి చెప్పే ప్రణాళిక రాయమనాలి, దాన్ని తోటివాళ్ల మీద నడిపి, ఏ వాకిలి దగ్గర ఎవరు ఆగిపోయారో రాయమనాలి, మార్కులు ఆ గమనికకు వెయ్యాలి.