వేలమునకు వచ్చిన జెండా

చారిత్రక స్థలమున నెగిరిన జెండాను వేలము వేయుట తగునా యని కొందఱు శంకింతురు. అమెరికాలో బాల్టిమోరు రేవుకడనున్న మక్‌హెన్రీ కోట చరిత్రము దీనికి సమాధానము చెప్పుచున్నది.

1814 సెప్టెంబరు 13, 14 తేదీలలో ఆంగ్లనౌకలు ఆ కోటపై ఇంచుమించు 25 గంటలు గుండ్లు కురిపించినవి. కోట లొంగలేదు. తెల్లవాఱఁగనే దానిపై నెగిరిన పెద్దజెండా మేరీ పికర్స్‌గిల్ అను వనిత కుట్టించి యిచ్చినది. నిడివి 42 అడుగులు, వెడల్పు 30 అడుగులు. అది కోటాధిపతియగు ఆర్మిస్టెడ్ కుటుంబమునకుఁ జేరెను. వారు గౌరవభావముతోనే దానినుండి తునుకలు కత్తిరించి పలువురికిఁ బంచిరి. గాలికిని కత్తెరకును నిడివిలో 8 అడుగులు నశించెను. ఒక నక్షత్రమును పోయెను. తుదకు 1912లో ఆయన మనుమఁడు మిగిలినదానిని స్మిత్సోనియన్ సంస్థకు దానమిచ్చెను.

నేఁడు చారిత్రక స్థలములపైఁ గొత్తజెండాలను కొంతసే పెగురవేసి ధ్రువపత్రముతో నిచ్చుట కలదు. వానిని వేలములోఁ గొనువాఁడు గుడ్డను గాక, ఆ పత్రమునందలి సత్యమును గొనుచున్నాఁడు. స్మారకము నమ్ముట దోషము కాదు. దానిని ఆనాఁటి సాక్షిగాఁ జూపుట దోషము. నిజమైన సాక్షి యందఱిది. దానిని భక్తితోనైనను ముక్కలు చేయరాదని మా యభిప్రాయము. అన్నదమ్ములు ఒకే గ్రంథపుఁ దాటాకులను పాళ్లు వేసికొన్నచో, ఎవరింటను గ్రంథము మిగులదు గదా!