ఒక ఐరిషు బాణీ కథ

మోస్రాలో మా బడికి ఒకనాడు ఒక బాలిక ప్రార్థనవేళ పాడుటకై ‘వందే మీనాక్షి’ అను గేయమును నేర్చికొని వచ్చినది. అది ముత్తుస్వామి దీక్షితులవారి రచన యని ఆమెకు ఎవరో చెప్పిరట. సంస్కృతము చదివినవారికి ఒక దురభ్యాసముండును; పద్యము కనబడగానే గురులఘువులు గుర్తింతురు. మేమును ఆ సాహిత్యమును నల్లబల్లమీద వ్రాయించి గణవిభజన చేసితిమి. వర్ణవృత్తమేదియు పొసగలేదు. మాత్రలు లెక్కింపగా మాత్రము పాదమంతయు నాలుగేసి మాత్రల తునుకలుగా, కవాతు చేయు సిపాయిల అడుగులవలె, తెగిపోయినది. విళంబకాలమున నింపాదిగా సాగు దీక్షితులవారి కృతులు వినినవారికి ఈ నడక వింతగానే తోచును. “ఇది శ్లోకమా, పాటా సార్?” అని బాలిక అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా మేము ఐర్లండు దాక పోవలసివచ్చినది.

ఐర్లండు దక్షిణభాగమున కార్కు మండలములో బ్లాక్‌వాటర్ నదీతీరమున మాలో అను పట్టణము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున అచటి బుగ్గనీరు ఆరోగ్యమునకు మంచిదని ధనికులు చేరెడివారు. నీళ్లకై వచ్చినవారు నీళ్లతోనే తృప్తిపడలేదు. త్రాగి, అప్పులు చేసి, కిటికీలు పగులగొట్టి తిరుగు విలాసపురుషులపై ఒక పాట పుట్టినది. దాని పేరు ‘రేక్స్ ఆఫ్ మాలో’, అనగా మాలో పోకిరీలు. బాణీ ఆ శతాబ్దమధ్యమున బర్క్ థుమోతు ప్రకటించిన ఐరిషు స్వరసంకలనమున అచ్చుపడినది. పాట మాటలను 1839 లో క్రాఫ్టన్ క్రోకరు తన ఐరిషు గేయసంపుటమున చేర్చెను. బాణీ మిక్కిలి సులభము: మొదట షడ్జగాంధారముల నడుమ ఉయ్యాలవలె ఊగును, పిదప ఒక మెట్టు దిగి నిషాదరిషభముల నడుమ అట్లే ఊగును. చిన్నపిల్లనగ్రోవిపై సిపాయి సులువుగా వాయింపగలడు. ఒకసారి వినినవాడు మఱవలేడు. ఇట్టి బాణీలకే కాళ్లుండును.

ఆ కాళ్లు చెన్నపట్టణము చేరినవి. సెయింటు జార్జి కోటలో కుంపిణీవారి బ్యాండుమేళము వాయించెడిది. మణలి ముదలియార్ల ఆశ్రయమున దీక్షితులవారి కుటుంబము కొంతకాలముండినది; ఆ ముదలియార్లు కుంపిణీకి దుబాసీలు. కోటమేళమును దీక్షితసోదరులు వినిరనియు, తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒక ఐరోపీయునివద్ద ఫిడేలు నేర్చెననియు పరంపర చెప్పుచున్నది. నేడు కర్ణాటక కచ్చేరిలో ఫిడేలు లేనిదే గాయకునకు గొంతు పెగలదు. ఆ వాద్యము మనలో నాటుకొనుటకు బాలుస్వామివారు ముఖ్యకారకులు. అన్న ముత్తుస్వామివారు విన్న బాణీలకు సంస్కృతమున దేవతాస్తుతులు కూర్చిరి. వీనినే నోట్టుస్వరసాహిత్యములందురు, ‘నోట్టు’ అనునది ఆంగ్లపదమే. ఇట్టివి సుమారు నలువది నేడు లభించుచున్నవి. ‘సంతతం పాహి మాం’ అనునది ఆంగ్లరాజు స్తుతిగీతపు బాణీ. ‘శ్యామలే మీనాక్షి’ అనునది మన పసిపిల్లలు నక్షత్రముపై పాడు ఆంగ్లగీతపు బాణీ, మూలము ఫ్రెంచి. ‘వందే మీనాక్షి’కి మాలో పోకిరీలు బాణీనిచ్చిరి. త్రాగుబోతుల పాట మధురాపురి తల్లి పాదములచెంత చేరుట చూచి కొందఱు ముక్కుమీద వ్రేలుంచుకొందురు. మాకు అందులో తప్పేమియు కనబడలేదు.

అయితే ఈ విషయమున రెండు పక్షములున్నవి. గమకములకు నిధి, రాగస్వరూపమునకు ప్రమాణము అయిన దీక్షితులవారు ఇట్టి బొమ్మలాటకు దిగుదురా, ఎవరో తరువాత అంటగట్టినారు అని ఒక పక్షము. ఆ బాణీలన్నియు మొదట మనవే, శంకరాభరణమునుండి దొరలు దొంగిలించినవే అని మఱియొక పక్షము. రెండవదానికి థుమోతు పుస్తకపు కాలమే సమాధానము: అది అచ్చుపడునాటికి దీక్షితులవారు పుట్టనైన లేదు. మొదటిదానికి సమాధానమిచ్చినది మన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. వేమన పద్యములను ప్రోగుచేయించి, నిఘంటువు కూర్చిన ఆ దొర తెలుగుదేశమున ఉద్యోగము చేయుచు, 1833 ప్రాంతమున, ఐరోపాబాణీలకు ముత్తుస్వామివారు కూర్చిన సాహిత్యములను ఒక వ్రాతప్రతిగా వ్రాయించెను. దీక్షితులవారు పరమపదించినది 1835 లో. కర్త జీవించియుండగానే వ్రాయబడిన ప్రతికంటె వేఱు సాక్ష్యమేల? వేమనకు బ్రౌను చేసిన మేలు లోకవిదితము. ఈ మేలు తెలిసినవారు తక్కువ.

ఇక అచ్చుసంగతి. బాలుస్వామివారి దౌహిత్రుడును దత్తపుత్రుడును అగు సుబ్బరామ దీక్షితులు (1839–1906) ఎట్టయపురమునుండి 1904 లో ‘సంగీతసంప్రదాయప్రదర్శిని’ని ప్రకటించెను. తమిళదేశమున, తెలుగులిపిలో, సుమారు 1700 పుటలు! ఆంగ్లస్వరలిపిలో మన సంగీతమును అచ్చొత్తింప పూనుకొనిన చిన్నస్వామి ముదలియారు ప్రోత్సాహము, ఎట్టయపుర ప్రభువుల ధనము దానికి తోడుపడినవి. మఱుసటి సంవత్సరము ఆయనయే ‘ప్రథమాభ్యాసపుస్తకము’ను వెలువరించి అందు నోట్టుసాహిత్యములను స్వరసహితముగా చేర్చెను. ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట లాభకరము. పెద్దగ్రంథమున ఆయన కంపితము, స్ఫురితము, జారు మున్నగు గమకములకు ఒక్కొకదానికి ఒక్కొక గుర్తు నిర్ణయించి స్వరములను అలంకరించెను. నోట్టుస్వరములకు ఆ అలంకారములు అక్కఱలేదు. శంకరాభరణపు శుద్ధమైన మెట్లు, అంతే. ముత్తాతలు విన్నది విన్నట్లు మునిమనుమలకు చేరవలెననిన గమకము చొప్పింపరాదని ఆ వంశమువారు ఎఱుగుదురు. ఈ నిగ్రహమే మమ్ము ఎక్కువగా ఆకర్షించినది. సొమ్ములు లేనివాడు పెట్టుకొనకుండుట వేఱు, పెట్టెనిండ ఉన్నవాడు మానుట వేఱు.

యాదృచ్ఛికమే గాని చెప్పదగినది: 1903 లో అమెరికాలోని చికాగో నగరమున ఫ్రాన్సిస్ ఓనీలు అను ఐరిషువాడు 1850 బాణీల మహాసంకలనమును ప్రకటించెను. అతడు ఆ నగరపు పోలీసు అధిపతి. తన వాద్యకాఱుల నోటను, వ్రేళ్లను ఉన్నదానిని కాగితమునకు ఎక్కింపనిచో పోవునని భూగోళపు రెండు కొనలయందు ఇద్దఱు ముసలివారు ఒక్క సంవత్సరపు ఎడములో తలంచిరి.

కాగితమునకు చిక్కనిది ధ్వనిముద్రికకు చిక్కినది. నోట్టుబాణీలలో ‘లార్డు మెక్డొనాల్డు రీలు’ అనునది ఒకటి కలదు. స్లైగో మండలమున పుట్టి న్యూయార్కులో స్థిరపడిన ఫిడేలువాద్యకాఱుడు మైకేల్ కోల్మన్ (1891–1945) దానిని గ్రామఫోను పలకపై వాయించినాడు. మన అచ్చుపుస్తకములోని సాదాస్వరములను ముందుంచుకొని ఆ ముద్రికను వినువారు నివ్వెఱపోవుదురు: ప్రతి స్వరమునకు ఒక విఱుపు, ఒక చిటిక. వారికిని గమకమున్నది! కోటమేళమునుండి మనకు అందినది ఆ బాణీల అస్థిపంజరము మాత్రమే. మాలో బాణీ సైతము లెరాయ్ ఆండర్సను 1947 లో కూర్చిన వాద్యబృందరచనలోను, 1952 నాటి ‘క్వయట్ మాన్’ చలనచిత్రమునందును వినబడును. అమెరికాలోని సిన్సినాటిలో నున్న కన్నికేశ్వరన్ ఇటీవలి దశాబ్దములలో నోట్టుసాహిత్యములను పిల్లలచే పాడించి, ఐరిషు వాద్యములతో జోడించి ముద్రింపించెను. అనగా బాణీ తిరిగి పుట్టింటివారి చేతిలో పడినది. మోస్రా బాలిక చెవికి తగులుట అంతకంటె ఆశ్చర్యము కాదు.

వ్రాసికొనినవాడు ఒకడు, అచ్చువేసినవాడు ఒకడు, పలకపై పట్టినవాడు ఒకడు ఉండుటచే ఒక పోకిరీపాట జాడను మేము సుమారు 270 ఏండ్లు వెనుకకు పట్టుకొంటిమి. నిజాంసాగరపు కాలువక్రింద మా ఊరి మడులలో పాడిన నాటుపాటకు ఇరువది యేండ్లు వెనుకకు జాడ లేదు. బిరుదురాజు రామరాజుగారి వంటి పండితులు తెలుగు జానపదగేయములను సేకరించి మహోపకారము చేసిరి. కాని పుస్తకములలో దొరకునది చాలవఱకు మాటలే, బాణీ కాదు. మా బాల్యమున బోధను చక్కెర కర్మాగారమునకు పోవు చెఱకుబండ్లవారు రాత్రులు పాడెడివారు. కర్మాగారము 2015 లో మూతపడినది. ఆ పాటలలో రెండు మాటలు మాకు జ్ఞాపకము. బాణీ జ్ఞాపకము లేదు. దీనికి దొరలను నిందించి లాభము లేదు. స్వరజ్ఞానము గల మనవారు నాటుపాటను స్వరలిపికి తగనిదిగా తలంచుటయే కారణము. దీక్షితులవారు సిపాయిల పిల్లనగ్రోవిని అట్లు తలంపలేదు.

గతమాసమున ఆ బాలిక తన అవ్వ పాడు నాటుపాటను మాకు వినిపించినది. పుస్తకము ముందుంచుకొని స్వరములు వ్రాయబూనితిమి. షడ్జము నిలిచినది, పంచమము నిలిచినది. గాంధారమువద్ద అవ్వ గొంతు సాధారణగాంధారము కాదు, అంతరగాంధారమును కాదు. నడుమ ఎక్కడనో నిలుచుచున్నది. ఇప్పటికి అచ్చోట ఒక చుక్క పెట్టి ఖాళీ ఉంచితిమి. అవ్వ మఱల పాడుదునని చెప్పినది, నాట్లు ముగిసిన తరువాత.