సన్నాయికి సరిజోడు

1957 ఏప్రిల్ 4. మద్రాసులో సినిమా పాట రికార్డింగ్. మైకు ముందు నిలబడిన అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. మరో పంతొమ్మిది రోజులు గడిస్తే పంతొమ్మిదో పుట్టినరోజు.

ఇప్పటిలా పాటను ముక్కలుగా పాడించి అతికించే రోజులు కావవి. గాయని, వయొలిన్లు, వేణువు, తబలా అన్నీ ఒక్కసారే మొదలై ఒక్కసారే ముగియాలి. రెండో చరణంలో ఎవరి చెయ్యి తడబడినా, ఎవరి గొంతు జారినా మళ్లీ పల్లవి దగ్గర్నుంచే. అందులోనూ పాడుతున్నది కొత్త పిల్ల. టేకు పోతే అందరి చూపులూ ఆమె మీదే. సినిమా పేరు 'విధియిన్ విళయాట్టు'. సంగీతం మన తెలుగువాడే, టి. చలపతిరావు. పాట మాత్రం తమిళం. పైగా గుండె చెదిరిన ఆడపిల్ల దుఃఖం. తొలి పాటకి అంత బరువు ఎవరూ కోరుకోరు.

ఆ అమ్మాయి చెయ్యి కదపలేదు, తల ఊపలేదు. తర్వాత అరవై ఏళ్లూ ఆమె పాడిన తీరు అదే: మనిషి బొమ్మలా నిలబడి ఉంటుంది, నవ్వూ ఏడుపూ అన్నీ గొంతులోనే. పాట అయింది. శిష్ట్లా శ్రీరామమూర్తిగారి అమ్మాయి జానకి సినిమా గాయని అయింది.

మర్నాడే తెలుగు పాట. కె.బి. తిలక్ తీస్తున్న 'ఎం.ఎల్.ఏ.' సినిమా, పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం. అదీ విషాద గీతమే. పక్కన నిలబడి పాడేది ఘంటసాల! అప్పటికి 'మాయాబజార్' విడుదలై పట్టుమని పది రోజులు కాలేదు. ఊరూరా మోగుతున్న ఆ గొంతు పక్కన మైకు పంచుకోవాలంటే పద్దెనిమిదేళ్ల పిల్లకి కాళ్లు వణకవా? వణికే ఉంటాయి. గొంతు మాత్రం వణకలేదు, ఆ పాట ఇవాళ విన్నా తెలుస్తుంది. ఆ సినిమాలో జగ్గయ్య, సావిత్రి ఉన్నారు. జగ్గయ్యది తెనాలి దగ్గర మోరంపూడి, సావిత్రిది తాడేపల్లి దగ్గర చిర్రావూరు, జానకిది రేపల్లె తాలూకా పల్లపట్ల. ముగ్గురూ పాత గుంటూరు జిల్లా వాళ్లే.

పల్లపట్ల అంటే ఎక్కడో చెప్పాలి. రేపల్లె నుంచి దక్షిణంగా నిజాంపట్నం దారి పడితే వరిచేలు క్రమంగా పలచబడతాయి, రొయ్యల చెరువులు వస్తాయి, గాలిలో ఉప్పు తగులుతుంది. అడవులదీవి, దిండి, నిజాంపట్నం, ఆ పైన మడ అడవులు, సముద్రం. పరాయి నేలతో ఈ తీరానికి పరిచయం పాతది. 1611లోనే ఇంగ్లీషు ఓడ వచ్చి నిజాంపట్నంలో వర్తకానికి దిగింది. అలాంటి తీరంలో 1938 ఏప్రిల్ 23న జానకి పుట్టింది. తండ్రి ఆయుర్వేద వైద్యుడు, ఉపాధ్యాయుడు కూడా. ఆయన వెంట ఆ కుటుంబం నిజాం రాజ్యంలోని సిరిసిల్ల చేరింది. బాల్యం ఎక్కువగా అక్కడే, మానేరు ఒడ్డున, మగ్గాల చప్పుడు మధ్య. కోస్తా యాసలో పుట్టి తెలంగాణ యాసలో పెరిగిన పిల్ల ఆమె. ఒక మాటను రెండు తీర్లుగా వినడం, రెండూ తనవే అనుకోవడం అప్పుడే అలవాటై ఉంటుందని నా నమ్మకం.

తొమ్మిదేళ్లకి వేదికెక్కి పాడింది. సంగీత కళాశాల లేదు, గురుకులం లేదు. ఆమెకు దొరికిన సంగీత పరిచయమంతా పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుడి దగ్గర. సరళీ జంటలు ఏ వీణ దగ్గరో, హార్మోనియం దగ్గరో కాకుండా సన్నాయి దగ్గర నేర్చుకుందన్న సంగతి పాఠకులు మనసులో పెట్టుకోవాలి. ఈ గాథకి ఆయువుపట్టు అదే.

1956లో ఆకాశవాణి దేశవ్యాప్తంగా పెట్టిన పాటల పోటీలో జానకికి రెండో బహుమతి వచ్చింది. రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా అందుకుంది. తర్వాత మామయ్య ప్రోత్సాహంతో మద్రాసు చేరి ఏ.వి.ఎం. స్టూడియోలో జీతానికి గాయనిగా కుదిరింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ సినిమాలన్నీ ఆ ఊళ్లోనే తయారయ్యే కాలం అది. ఉదయం ఒక భాష, మధ్యాహ్నం ఇంకో భాష. మొదటి ఏడాదిలోనే ఆమె ఆరు భాషల్లో పాడింది.

ఎలా పాడింది? ఒక నోటుపుస్తకం. ఏ భాష పాటయినా కవి చెబుతుంటే తెలుగు అక్షరాల్లో రాసుకునేది. ప్రతి మాటకీ అర్థం అడిగి తెలుసుకునేది. తమిళ, మలయాళాల్లో నాలుక మడత పెట్టి పలికే ఒక ధ్వనికి ఇవాళ్టి తెలుగు లిపిలో అక్షరమే లేదు. లేని అక్షరాన్ని చెవితో పట్టుకుని నోటితో పలికింది. అంత శుద్ధంగా పలికింది కాబట్టే మలయాళీలు ఆమెను తమ ఇంటి మనిషి అనుకున్నారు, కేరళ రాష్ట్ర పురస్కారాలు పదే పదే ఇచ్చారు. కన్నడిగులు గానకోగిల అన్నారు.

ఇక 1962. తమిళంలో 'కొంజుం సలంగై'. నాయకుడు నాదస్వర విద్వాంసుడు, నాయిక గాయని. నాయికగా సావిత్రి. తెర మీద నాదస్వరమూ గొంతూ పోటీపడే పాట ఒకటి ఉంది, ఆభేరి రాగం. సంగీత దర్శకుడు ఎస్.ఎం. సుబ్బయ్యనాయుడు. నాదస్వరం వాయించేది కారుకురిచ్చి అరుణాచలం, టి.ఎన్. రాజరత్నం పిళ్లై శిష్యుడు, ఆ వాద్యానికి అప్పట్లో పెద్ద దిక్కు.

సన్నాయి సంగతి మన పెళ్లిళ్లలో అందరికీ తెలిసిందే. నాలుగు గోడల మధ్య వాయించే వాద్యం కాదది. గుడి ముందు, ఊరేగింపులో, ఊరంతా వినిపించడానికి పుట్టింది. దాని శృతి ఎత్తు, దాని దమ్ము వేరు. వేణువు గొంతుకి దారిస్తుంది, వీణ తగ్గి వినయంగా ఉంటుంది. సన్నాయి పక్కన నిలబడితే మనిషి గొంతు మునిగిపోతుంది. ఆ గమకాలను అదే వేగంతో గొంతులో పలికించాలంటే ఎవరు?

మొదట పి. లీలను అడిగారని చెప్పుకుంటారు. పాలక్కాడు దగ్గర చిత్తూరులో పుట్టిన లీల శాస్త్రీయ సంగీతంలో ఆరితేరిన మనిషి. 'మాయాబజార్'లో ఘంటసాలతో పాడిన లీల మనకి పరాయిదని ఎప్పుడూ అనిపించలేదు. ఆమె కాదనకుండా ఒప్పుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె మాత్రం, ఈ పాటకి తగిన గొంతు జానకిది అని చెప్పారు. పోటీ అంతగా ఉండే రంగంలో ఒక పెద్ద గాయని తనకొచ్చిన పాటను చిన్నదాని చేతిలో పెట్టడాన్ని నేను గొప్ప దానం అంటాను. డబ్బు ఇవ్వడం సులువు. పాట ఇవ్వడం అంత సులువు కాదు.

ఆ రోజు జానకి గొంతులో పైడిస్వామి పలికి ఉండాలి. చిన్నప్పుడు ఏ వాద్యం దగ్గర కూర్చుని స్వరం పట్టుకుందో, పాతికేళ్లు నిండకుండానే ఆ వాద్యానికే ఎదురు నిలబడింది. 'సింగారవేలనే దేవా' విన్నవాళ్లకి తెలుసు. సన్నాయి ఎక్కిన మెట్టు ప్రతిదీ గొంతు ఎక్కుతుంది, సన్నాయి విరిచిన చోటల్లా గొంతు విరుగుతుంది. చివర్లో ఏది వాద్యమో ఏది మనిషో విడదీసి చెప్పలేం. ఆ సినిమా 'మురిపించే మువ్వలు'గా తెలుగులోకి వచ్చినప్పుడు 'నీలీల పాడెద దేవా' అని మళ్లీ జానకే పాడింది. అరుణాచలం 1964లో నడివయసులోనే కన్నుమూశారు. పాట నిలిచింది. ఇవాళ్టికీ దక్షిణాదిలో గాయనిగా నిలవాలనుకునే పిల్లలకి అదొక పరీక్ష.

పదిహేనేళ్ల తర్వాత ఉత్తరాది సన్నాయి కూడా ఎదురొచ్చింది. 1977లో కన్నడంలో రాజ్‌కుమార్ 'సనాది అప్పణ్ణ'. షెహనాయి వాయించింది సాక్షాత్తూ ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్. ఆయన పక్కన వినిపించిన గొంతు పల్లపట్ల జానకిదే. కారుకురిచ్చి, కాశీ రెండింటికీ బదులు చెప్పిన గొంతు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఈలోగా ఆమె కూడా ఒక దానం చేశారు. ఇక్కణ్నుంచి ఆమెను అందరూ పిలిచినట్టే జానకమ్మ అంటాను.

1960ల మొదట్లో గూడూరులో పాటల పోటీ జరిగింది. బహుమతులు ఇవ్వడానికి వచ్చిన అతిథి జానకమ్మ. వరసగా పాడిన కుర్రాళ్లలో ఒకడికి రెండో బహుమతి ప్రకటించారు. జానకమ్మ ఊరుకోలేదు. మొదటి బహుమతి ఆ అబ్బాయికి రావాల్సిందని వేదిక మీదే చెప్పారు. పక్కకి పిలిచి సినిమాల్లో ప్రయత్నించమన్నారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదని ఆ కుర్రాడు సంకోచిస్తే, నేను మాత్రం నేర్చుకున్నానా అని ధైర్యం చెప్పారు. ఆ కుర్రాడు నెల్లూరి నుంచి వచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. 1966లో ఆయన తొలి సినిమా పాట వచ్చింది. జానకమ్మ ఆ రోజు చెప్పిన మాటను బాలు ఎన్ని సభల్లో తలచుకున్నారో లెక్కలేదు.

ఆకాశవాణిలో రెండో బహుమతి అందుకున్న అమ్మాయే, గూడూరులో రెండో బహుమతి అందుకున్న కుర్రాడి బాధ కనిపెట్టింది. ఇది కల్పించి రాస్తే నమ్మరు. జరిగింది.

1976లో ఇళయరాజా అనే కొత్త సంగీత దర్శకుడి తొలి సినిమా 'అన్నక్కిళి'కి ఊపిరి పోసింది ఆమె గొంతే. అప్పటికి ఆమెకు రంగంలో ఇరవై ఏళ్ల పేరుంది, అతనికి ఏమీ లేదు. మరుసటి ఏడాది అతని '16 వయదినిలే' పాటకే ఆమెకు తొలి జాతీయ పురస్కారం. తర్వాత మలయాళంలో 'ఓప్పోళ్', తెలుగులో 'సితార', మళ్లీ తమిళంలో 'దేవర్ మగన్'. నాలుగు జాతీయ పురస్కారాలు, మూడు భాషలు. 'సప్తపది'లో చిన్నపిల్లాడి గొంతుతో పాడితే, పాడింది నలభై దాటిన గాయని అని పేర్లు చదివితే తప్ప తెలియలేదు. 1989లో 'మౌనపోరాటం'కి సంగీతం కూడా ఆవిడే చేశారు. మొత్తం పదిహేడు భాషల్లో, వేల పాటలు. 2013లో కేంద్రం పద్మభూషణ్ ప్రకటిస్తే, ఇది ఆలస్యంగా వచ్చింది, దక్షిణాది కళాకారులకు తగిన గౌరవం దక్కడం లేదు అని సున్నితంగా తిరస్కరించారు. ఆమె చేసింది సరైన పని. యాభై ఆరేళ్లు పాడాక వచ్చే కబురు అది కాదు. 2017 అక్టోబరులో మైసూరులో చివరి కచేరీ చేసి వేదికలకు సెలవన్నారు.

దానం మాట ఎత్తాను కాబట్టి సుశీలమ్మ సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. మద్రాసులో ఒకే కాలంలో పాడిన పి. సుశీల, ఎస్. జానకి ఇద్దరినీ పోటీదారులుగా చూపించి అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ సుశీలమ్మ తన పేరిట ట్రస్టు పెట్టి, చితికిపోయిన సంగీతకారులకు నెలనెలా పింఛను ఇస్తున్నారు. ఏటా తన పుట్టినరోజు నవంబరు 13న కచేరీ జరిపి తోటి కళాకారులను సత్కరిస్తున్నారు. అలా సత్కారం అందుకున్నవారిలో జానకమ్మ ఉన్నారు. లీల జానకికి పాట ఇచ్చింది, జానకి బాలుకి ధైర్యం ఇచ్చింది, సుశీల పేరు తెలియని వాద్యకారులకు అన్నం పెడుతోంది.

ఆ పింఛను అందుకునే చేతులు ఎలాంటివో ఊహించండి. వయొలిన్ పట్టినవి, డోలు కొట్టినవి, సన్నాయి పట్టినవి. జానకమ్మ పేరు దేశమంతా తెలుసు, ఆమెకు స్వరం పరిచయం చేసిన పైడిస్వామి పేరు ఎందరికి తెలుసు? సన్నాయికి మన నేల తక్కువ చెయ్యలేదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగం వెళ్లి తమిళులకే నాదస్వరం వినిపించారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఊళ్లలో సంగతి వేరు. పెళ్లికి డీజే మాట్లాడుకుంటున్నారు. సన్నాయి మేళం మాత్రం తాళికట్టే పావుగంటకి పిలుస్తున్నారు. సంభావన దగ్గర బేరాలు, భోజనం దగ్గర ఆఖరి బంతి.

అడవులదీవి, పల్లపట్ల, రేపల్లె, తెనాలి పాఠకులకు నా మనవి ఒకటే. మీ ఇంట్లో శుభకార్యం వస్తే మేళాన్ని పూర్తి ముహూర్తానికి పిలవండి. అడిగిన సంభావన ఆ పూటే చేతిలో పెట్టండి, మొదటి బంతిలో వడ్డించండి. మీ ఇంట పాడే పిల్ల ఉంటే, ఆ సన్నాయి పక్కన కూర్చోబెట్టండి.