ఊరి బయట చరిత్ర - 14: వనవాసం ఎవరికి?

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఎమ్మే తెలుగు చదివినోడివి, సాహిత్యం గురించి రాయవేం?" రాస్తా తమ్ముడూ. ఎమ్మేలో నన్ను అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన పాఠం గురించే రాస్తా. వనవాసం.

రాముడు పద్నాలుగేళ్లు, పాండవులు పన్నెండేళ్లు, మునులకైతే లెక్కే లేదు. సంఘాన్ని వదిలి అడవికి పోయినవాళ్ల పద్యాలు చదువుతుంటే క్లాసులో మిగతా పిల్లలు లోకం మరిచి వినేవాళ్లు. నాకు మాత్రం మా ఊరి కాలవ గట్టు మీద యానాదుల గుడిసెలు కళ్ల ముందు ఆడేవి. వాళ్లను అడవిలోంచి వచ్చినోళ్లంటారు. వాళ్ల పద్యం ఏ పాఠంలోనూ రాలేదు.

నెల్లూరోళ్లం కాబట్టి తిక్కనతో మొదలుపెడదాం. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రి. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, మిగిలిన భాగం జోలికి పోకుండా ఆయన విరాటపర్వంతో ఎత్తుకున్నాడు. అడవి సంగతి తర్వాత ఎర్రన పూర్తి చేశాడు. అది ముట్టుకుంటే కీడని తిక్కన భయపడ్డాడని ఒక కథ చెబుతారు. నమ్మను గానీ, ఆ కథంటే నాకిష్టం. పెన్న గట్టున కూర్చున్న మంత్రిగారు అడవి దాటేసి నేరుగా రాజు కొలువులో దిగాడు!

ఇక మనువు. ఆరో అధ్యాయంలో, ఒళ్లు ముడతలు పడి, తల నెరిసి, మనవణ్ణి చూసుకున్న ద్విజుడు అడవికి పోవాలంటాడు. పదో అధ్యాయంలో, చండాలుడు ఊరి బయటే ఉండాలంటాడు. రెండూ ఒకే పుస్తకంలో. ఒకరికి బయటికి పోవడం ఆశ్రమధర్మం, ఇంకొకరికి బయట ఉండటం పుట్టుకతో పడిన శిక్ష. సంఘాన్ని వదలాలంటే ముందు అందులో చోటుండాలి కదా. చోటు లేనివాడు తపస్సుకు కూర్చుంటే ఏమవుతుందో ఉత్తరకాండలో శంబూకుణ్ణి చూడండి. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబూక వధ' నాటకం రాసింది ఆ తల గురించే.

ఇంగ్లీషు చదివిన మిత్రులు వెంటనే థోరో పేరెత్తుతారు. 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున గుడిసె వేసుకుని రెండేళ్లు ఒంటరిగా బతికిన మనిషి. ఆ నేల స్నేహితుడు ఎమర్సన్‌ది. కాంకర్డ్ ఊరు నడిచి పోయేంత దూరం, అమ్మగారిల్లూ అక్కడే. ఎగతాళికి అనడం లేదు. బానిసత్వం నడిపే సర్కారుకు పన్ను కట్టనని జైలుకు పోయినవాడు, నాకు గౌరవమే. కానీ 'వాల్డెన్'లో జనం త్వరగా తిప్పేసే ఒక అధ్యాయం ఉంది, తనకు ముందు ఆ అడవిలో ఉన్నవాళ్ల గురించి. కేటో, జిల్ఫా, బ్రిస్టర్ ఫ్రీమన్. ముగ్గురూ నల్లవాళ్లు. జిల్ఫా నార వడికి బతికేది. 1812 యుద్ధకాలంలో సైనికులు ఆమె గుడిసె తగలబెట్టారు. వాళ్లకు అడవి ప్రయోగం కాదు. మంచి నేల దక్కనివాళ్లకు మిగిలిన నేల అది. ఆ అధ్యాయాన్ని సిలబస్‌లో పెట్టిన క్లాసు నాకు తగల్లేదు.

మన కేటోలు, జిల్ఫాలు శ్రీహరికోట యానాదులు. ఒకపక్క పులికాట్, ఒకపక్క సముద్రం, నడుమ అడవి దీవి. 1835లో కంపెనీ సర్కారు దీవిని స్వాధీనం చేసుకునేటప్పటికి వాళ్లక్కడే ఉన్నారు. అడవి మీదా చేపల మీదా బతుకుతున్న ఆ మనుషులను 'అనాగరికులు' అని రాసుకుని, వాళ్ల చేతనే తేనె, కుంకుడుకాయ, అద్దకాల ఎరుపుకి వాడే చిరివేరు తెప్పించుకున్నారు. దీవి కట్టెలు మద్రాసు పొయ్యిల్లో మండాయి. 1911 తర్వాత నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చి నెల్లూరు యానాదుల మీదా పడింది. మునులు తిరిగితే తీర్థయాత్ర, వీళ్లు తిరిగితే కేసు. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు దశాబ్దాలు కొట్లాడారు. ఆయన యానాది కాదు, కానీ వాళ్ల మీద 1962లో పుస్తకమే రాశాడు.

1969లో రాకెట్ల కోసం దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో మొదటి రోహిణి ఎగిరింది. యానాదులు చాలామంది బయట కాలనీల్లో తేలారు. చంద్రయాన్ ఎగిరినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను, దాచను.

ఇంకోటీ దాచకూడదు. మా పల్లెలో బావి మాకు దక్కడానికి మా తాతలు దెబ్బలు తిన్నారు. అదే బావి దగ్గరికి యానాది ఆడమనిషి బిందెతో వస్తే మా నాయనమ్మ "ఏమే, దూరంగా ఉండు, నేను పోస్తా" అనేది. పైనుంచి పోసేది. ఊరు మాకు పోసినట్టే. రెడ్డోళ్ల ఇళ్లల్లో పనిచేసేవాళ్లు రెడ్డి యానాదులు, ఎంగిలి ఏరుకునేవాళ్లు చల్లా యానాదులు. ఆ పేర్లు మా నోళ్లల్లోనూ ఆడాయి. అంబేడ్కర్ చెప్పిన మెట్ల కులం పుస్తకంలో అర్థం కావడానికి ముందే మా బావి దగ్గర చూశాను. ఇది రాస్తే కొందరు అన్నలకు కోపం రావచ్చు. రానీ.

పోయినేడు తడ వైపు ఒక యానాది తాతకు ఇంటి స్థలం కోసం అర్జీ రాసిపెట్టాను. మాటల్లో "అడవిలో ఎట్టా బతికేవాళ్లు తాతా" అన్నాను, ఎమ్మే బుద్ధి ఎక్కడికి పోతుంది. "అడివేంది అబ్బయా, ఊరే గదా అది" అన్నాడు. స్వస్థలం అన్న చోట దీవిలో తన పల్లె పేరు రాయమన్నాడు. రాశాను. ఆఫీసులో గుమాస్తా దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి కాలనీ పేరు రాయించాడు. స్థలం ఇంకా రాలేదు. ఈ నెలలో మళ్లీ పోతున్నాం, ఈసారి నలభై మందిమి.

జై భీమ్.