జెల్లీ షాట్

రమ్ము, వోడ్కా, జిన్ను వంటి ఘాటు మద్యానికి చక్కెర, పండ్ల రసం, పులుపు కలిపి, జెలటిన్‌తోనో అగర్‌తోనో గడ్డకట్టించి, బొటనవేలంత గ్లాసుల్లో పెట్టే విందు పదార్థం జెల్లీ షాట్. కాక్‌టెయిల్ రుచులనే ఇందులోకి దింపుతారు. రమ్ము, నిమ్మ, పుదీనా కలిస్తే మొహీతో; టెకీలా, నిమ్మ, చిటికెడు ఉప్పు కలిస్తే మార్గరీటా. నోట్లో పెట్టుకుంటే పిల్లలు తినే జెల్లీలాగే ఉంటుంది, కడుపులోకి దిగాక మాత్రం అచ్చంగా మద్యమే. పైకి ఒకటి, లోపల ఒకటిగా ఉండే ఈ గుణమే దాని చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

దీన్ని అమెరికా కాలేజీ కుర్రాళ్ల సరదాగా చెప్పుకోవడం రివాజు. అది చివరి అధ్యాయం మాత్రమే. జెల్లీ షాట్‌కు తాత వరస పంచ్ అనే పానీయం. ఆ పంచ్ పేరు మనకు దొరికినంతలో మొట్టమొదట కనిపించేది తెలుగు తీరానికి చేరిన ఒక ఉత్తరంలో. జెల్లీ షాట్‌లోని తీపికీ, రమ్ముకూ మూలమైన చెరకు దగ్గరికొస్తే నిజామాబాద్ జిల్లాలోని బోధన్, మాక్లూర్ నేల గుర్తుకు రాక మానదు.

పెదపల్లికి వచ్చిన ఉత్తరం

1611లో ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ అనే ఓడ కోరమాండల్ తీరానికి వచ్చి పెదపల్లి రేవులోనూ, మచిలీపట్నంలోనూ ఆంగ్లేయుల వర్తకానికి పునాది వేసింది. వాళ్ల కాగితాల్లో పెటపోలిగా కనిపించే ఆ పెదపల్లి ఇవాళ బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. 1632 సెప్టెంబరు 28న రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ ఉద్యోగి పెదపల్లిలో ఉన్న వర్తకుడు థామస్ కాలీకి ఉత్తరం రాశాడు. నీకు మంచి తోడు దొరికినందుకు సంతోషం, ఇద్దరూ కలిసి కొలత చూసుకోకుండా పంచ్ తాగుతారనుకుంటాను అన్నది అందులోని ఒక మాట సారాంశం. పంచ్ అనే పానీయం పేరు కాగితం మీద ఇంతకన్నా ముందు ఎక్కడా దొరకలేదు.

ఆ పేరు మన పంచ శబ్దమేనని చాలామంది నమ్మకం. 1670లలో ఈ తీరాల్లో తిరిగిన ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్రయర్ కూడా ఐదు దినుసులు కలుస్తాయి కాబట్టే ఆ పేరని రాశాడు. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, ఏదో ఒక సుగంధ ద్రవ్యం: ఇవీ ఆ ఐదు. మద్యం పీపాకు ఇంగ్లిషులో ఉన్న పేరే కుదించుకుపోయి పంచ్ అయిందనే వాదన కూడా ఉంది. పేరు సంగతి ఎలా ఉన్నా, దినుసుల జాబితా చూస్తే అది ఏ తీరంలో పుట్టిన పానీయమో తెలిసిపోతుంది. నెలల తరబడి సాగే ప్రయాణంలో ఇంటి నుంచి తెచ్చుకున్న బీరు పులిసిపోతే, నావికులు ఇక్కడి తాటికల్లు, ఈతకల్లు, చెరకు బెల్లం నుంచి దించిన సారాకు అలవాటు పడ్డారు. దాని ఘాటును నిమ్మతో, చక్కెరతో లొంగదీశారు. నేటి కాక్‌టెయిల్‌లలో సగానికి సగం చేసేది ఇదే పని.

పాయా గిన్నెలో దొరికే రహస్యం

రాత్రి మిగిలిన పాయా చలికాలం పొద్దున చూస్తే గిన్నెలో గడ్డకట్టి, చెంచా తగలగానే జున్నులా వణుకుతుంది. మేక కాళ్లలోని ఎముకలు, కీళ్ల నుంచి గంటల తరబడి ఉడికి దిగిన పదార్థమే అలా పేరుకుంటుంది. అదే జెలటిన్. చర్మం, ఎముక, స్నాయువుల్లో ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తి వేడి నీళ్లలో విడిపోయి జెలటిన్ అవుతుంది. చల్లారేటప్పుడు దాని పోగులు మళ్లీ ఒకదానికొకటి అల్లుకుని నీటిని తమలో బంధిస్తాయి. బజారులో దొరికే పొడికి పంది చర్మం, పశువుల చర్మం, ఎముకలు ముడిసరుకు. కాబట్టి శాకాహారులకు జెలటిన్ షాట్ పనికిరాదు. ముస్లిం ఇళ్లలో ఈ పదార్థం మీద ఉండే అభ్యంతరం మద్యం దగ్గరే ఆగదు. అన్ని మతాలవాళ్లూ ఒకే పంక్తిలో కూర్చునే నిజామాబాద్ వంటి ఊళ్లో వడ్డించేవాళ్లు ఇది ముందే చెప్పి తీరాలి.

యూరప్ రాజుల విందుల్లో మధ్యయుగాల నుంచే ద్రాక్షసారా కలిపిన జెల్లీలు ఉండేవి. ఎముకలు ఉడికించి, తేర్చి, వడకట్టడానికి వంటవాళ్లకు రోజంతా పట్టేది కాబట్టి అవి గొప్పవాళ్ల బల్ల దాటి రాలేదు. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆవిరిని బిగించి ఎముకలను మెత్తబరిచే పాత్రను లండన్ రాయల్ సొసైటీకి చూపించాడు. మన ఇళ్లలో విజిల్ వేసే కుక్కర్‌కు అదే ఆది. 1845లో న్యూయార్క్ పారిశ్రామికవేత్త పీటర్ కూపర్ ఎండబెట్టిన జెలటిన్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1897లో అదే రాష్ట్రంలోని లెరోయ్ అనే ఊళ్లో పెర్ల్ వెయిట్ అనే ఆయన జెలటిన్‌కు చక్కెర, పండ్ల రుచి, రంగు కలిపి పొట్లం కట్టాడు. భార్య మే దానికి జెల్-ఓ అని పేరు పెట్టింది. అమ్మకాలు సాగక రెండేళ్లకే 450 డాలర్లకు ఆ హక్కు వదులుకున్నారు. కొన్నవాళ్ల చేతిలో అది అమెరికాలో ఇంటింటి సరుకైంది.

పంచ్ జెల్లీ నుంచి షాట్ దాకా

పంచ్, జెల్లీ కలిసి అచ్చులో కనిపించే ఒక చోటు 1862. ఆ ఏడు జెర్రీ థామస్ అనే అమెరికన్ బార్‌మన్ అచ్చువేసిన పుస్తకాన్ని కాక్‌టెయిల్ వృత్తికి తొలి పాఠ్యగ్రంథంగా చెబుతారు. అందులో పంచ్ జెల్లీ ఉంది. ఘాటైన పంచ్ తయారు చేసి, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ అనే జిగురుతో దాన్ని గడ్డకట్టించమన్నాడు. పద్ధతితో పాటే ఒక హెచ్చరికా పెట్టాడు. మద్యం బలం ఇందులో ఎంత నేర్పుగా దాగి ఉంటుందంటే, తెలియక ఎక్కువ తిన్నవాళ్లు ఆ రాత్రి నాట్యానికి పనికిరాకుండా పోయారన్నది దాని సారం. ఈ పదార్థం గురించి ఈ 160 ఏళ్లలో ఎవరూ ఇంతకన్నా అవసరమైన మాట చెప్పలేదని నా నమ్మకం.

తరవాతి పేరు టామ్ లెరర్. గణితవేత్త, వ్యంగ్య గీతాల కర్త అయిన ఈయన 1950ల నడుమ అమెరికా సైన్యంలో పనిచేశాడు. క్రిస్‌మస్ విందుకు మద్యం పానీయాలు తేకూడదన్న నిబంధన ఉండటంతో మిత్రుడితో కలిసి వోడ్కాను నారింజ జెల్-ఓలో గడ్డకట్టించి లోపలికి తీసుకెళ్లానని చెప్పాడు. దీన్ని బట్టి జెల్లీ షాట్ కనిపెట్టింది ఆయనేనని చాలా చోట్ల రాస్తారు. 1862 పుస్తకం ఉండగా ఆ మాట నిలవదు. ఆయనకు దక్కవలసింది మరొకటి: కత్తి, చెంచా అవసరమైన పెద్ద జెల్లీని పొట్లం పొడితో ఎవరైనా సులువుగా చేసుకునే సరుకుగా చూపించాడు. 1980ల నుంచి అది అమెరికా కాలేజీ విందులకు పాకింది. పై చదువులకు, ఉద్యోగాలకు అక్కడికి వెళ్లిన తెలుగు యువతరం దాన్ని చూసింది అక్కడే.

నిషేధాన్ని దాటే తెలివి ప్రతి నేలకూ ఒక్కో రకంగా ఉంటుంది. 1995 జనవరి నుంచి 1997 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమలైనప్పుడు బోధన్ వైపువారికి జెల్లీ గిల్లీ అక్కర్లేకపోయింది. మంజీర నది దాటితే నిషేధం లేని మహారాష్ట్ర.

చక్కెర నేల

రమ్ము అంటే చెరకు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డి, మొలాసిస్. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే సీసాల్లోనూ చాలావాటికి మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాలే ఆధారం. టన్ను చెరకు ఆడితే సుమారు 100 కిలోల చక్కెర, 40 నుంచి 45 కిలోల మొలాసిస్ వస్తాయి. ఆ మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పడితే పది లీటర్ల దాకా ఆల్కహాలు దిగుతుంది.

ఈ లెక్క నిజామాబాద్ జిల్లాకు బతుకు లెక్క. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ ఈ ప్రాంతానికి కాలువ నీళ్లు తెచ్చింది. ఆ ప్రాజెక్టు వెనుక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నీళ్ల వెంట చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరున్న ఆ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. సొంత చెరకు తోటలు, కార్మికుల ఇళ్లు, మొలాసిస్ నుంచి ఆల్కహాలు తీసే విభాగం, అన్నీ ఆ నీడలోనే. నిజామాబాద్ దగ్గర సారంగాపూర్‌లో రైతుల సహకార ఫ్యాక్టరీ నడిచింది. ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో బండ్ల వరసలు, గాలిలో ఆ మడ్డి వాసన ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లకు పండగ గుర్తులు. కామారెడ్డి బజారు బెల్లానికి పేరు పొందింది. అదే బెల్లంలో నల్ల రకం పటికతో కలిసి గుడుంబా బట్టీలకు చేరి, ఎన్నో ఇళ్లను గుల్ల చేసింది.

సారంగాపూర్ మూతపడింది. బోధన్ ఫ్యాక్టరీలో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. చెరకు పొలాలు వరికి, పసుపుకు, సోయాకు, మక్కకు మారాయి. రమ్ము తాగేవాళ్లు తగ్గలేదు, రమ్ముకు మూలమైన పంట పండించి బతికినవాళ్లే తగ్గారు. ఇది బాధగానే రాస్తున్నాను.

ఎంత బలం

మాక్లూర్ వైపు దావత్ అంటే ఇప్పటికీ కల్లు, సీసా, మటన్ ముక్క. జెల్లీ షాట్ అక్కడ కొత్త చుట్టం. అందుకే దాని బలం లెక్కగా తెలియాలి. 85 గ్రాముల జెల్లీ పొట్లానికి 240 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, 120 చల్లటి నీళ్లు, 120 వోడ్కా కలిపితే దాదాపు 16 చిన్న గ్లాసులు వస్తాయి. ఒక్కో దానిలో వోడ్కా 7.5 మిల్లీలీటర్లు. ఎనిమిది తింటే ఒక లార్జ్, అంటే 60 మిల్లీలీటర్లు. చల్లటి నీళ్ల బదులు కూడా వోడ్కాయే పోస్తే నాలుగింటికే లార్జ్ అవుతుంది. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. పెదవి చుర్రుమనదు, గొంతు మండదు, గ్లాసు ఖాళీ అయిన గుర్తు ఉండదు. ఎన్ని తిన్నామో చెప్పే సాక్షి పక్కన పడేసిన కప్పులే. తెలియకుండా లోపలికి పోయే మత్తు ఎంత చేటో ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు: అల్ప్రాజోలం, డయజెపామ్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడి, అది దొరకని రోజు చేతులు వణికి, పిచ్చి చూపులు చూసినవాళ్లను ఇక్కడి ఊళ్లు చూశాయి.

రంగు చూసి మొదట పరుగెత్తుకొచ్చేది పిల్లలు. తెలంగాణలో మద్యానికి చట్టప్రకారం వయసు 21. పిల్లలున్న ఫంక్షన్‌లో దీన్ని పెట్టకపోవడమే మేలు. పెడితే మూతల కప్పుల్లో, వేరే గదిలో, బాధ్యత గల పెద్దమనిషి చేతి కింద ఉండాలి.

మాక్లూర్ వేసవిలో చేయాలంటే

జెలటిన్ జెల్లీ 30, 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. నాలుక మీద అది వెన్నలా జారిపోవడానికి కారణం అదే. మే నెలలో నిజామాబాద్ ఎండ 45 దాకా పోతుంది కాబట్టి ఫ్రిజ్ నుంచి తీసిన పళ్లెం టెంటు కిందికి వచ్చేలోపే షర్బతు అవుతుంది. ఇక్కడ ఆదుకునేది అగర్. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థాన్ని జపాన్‌వాళ్లు 17వ శతాబ్దం నుంచి వాడుతున్నారు. మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ పేరుతో తెల్లటి పోగులుగా దొరుకుతుంది. పూర్తిగా శాకాహారం. బాగా మరిగితేగాని కరగదు, 40 డిగ్రీల లోపే గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడితే 85 దాకా కరగదు. జెలటిన్‌లా వణకదు, పుటుక్కున తెగుతుంది.

మద్యాన్ని ఎప్పుడూ పొయ్యి మీద పోయకూడదు. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, పైగా మంట అంటుకునే ప్రమాదం. గిన్నె దించి, వేలు ముంచి ఓర్చుకోగలిగేంత వేడికి వచ్చాక పోసి నెమ్మదిగా కలపాలి. మద్యం పాలు మరీ ఎక్కువైతే జెలటిన్ సరిగా గడ్డకట్టదు. పచ్చి అనాస, బొప్పాయి ముక్కలు వేస్తే జెలటిన్ ఎన్ని గంటలైనా గడ్డకట్టదు. బిర్యానీ మటన్‌కు పచ్చి బొప్పాయి పట్టించేది ఎందుకో, ఇదీ అందుకే: వాటిలోని ఎంజైములు మాంసకృత్తిని తెంపేస్తాయి. అగర్‌లో మాంసకృత్తి లేదు కాబట్టి దానికి ఈ బెడద లేదు.

చెరకు రసంతో చేస్తే ఈ నేల రుచి వస్తుంది. రసం మరిగేటప్పుడు పైకి తేలే పచ్చటి మురికి నురగను గరిటెతో తీసేస్తూ ఉండాలి, లేకపోతే జెల్లీ మబ్బుగా ఉంటుంది. నానబెట్టిన చైనా గ్రాస్ అందులోనే కరిగించి, దించాక అల్లం రసం, ఆఖర్న రమ్ము, నిమ్మరసం. నిమ్మను ముందే వేసి మరిగిస్తే అగర్ బలం పోతుంది. గ్లాసుల్లో పోసి చల్లటి చోట పెడితే ఫ్రిజ్ లేకున్నా బిగుస్తుంది. తినేముందు చూపుడు వేలు గ్లాసు అంచు వెంట ఒకసారి తిప్పితే, లేత ముంజ తొక్కలోంచి ఊడినట్టు జారి చేతిలో పడుతుంది.