తీరపట్టణములును భూభేదక రాడారును

ఆంధ్రతీరమునందలి ప్రాచీన రేవులను గూర్చి మనకు వ్రాతసాక్ష్యమునకు గొఱత లేదు. నాగార్జునకొండ ప్రాకృతశాసనమునందలి కంటకసేలయు, క్రీ. శ. రెండవ శతాబ్దమున టాలెమీ పేర్కొనిన కంటకస్సిలయు నేటి ఘంటసాలయే యని పండితుల నిర్ణయము. కాకతి గణపతిదేవచక్రవర్తి శా. శ. 1166 (క్రీ. శ. 1244-45) సంవత్సరమున మోటుపల్లిలో నభయశాసనము వేయించి, తుపానువాత బడి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన యోడల సరకును మునుపటి రాజులవలె నపహరింపక, నిర్ణీతమైన సుంకమునే గైకొందునని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. కాని యా సరకు దిగిన కొట్టు లెచ్చట నుండెను? వర్తకుల వీథు లే దెస సాగెను? శాసనము చెప్పని యీ సంగతులను నేలయే చెప్పవలెను.

త్రవ్వకయే నేలలోపలి జాడల నరయుటకు నేడు భూభేదక రాడారను సాధనము గలదు. దీనిని నేలపై నీడ్చుకొని పోవుచుండగా నది రేడియోతరంగములను క్రిందికి బంపును. ఇసుకలో నిటుకగోడయో, గట్టిచేసిన నేలయో తగిలినచోట వానిలో గొంతభాగము వెనుకకు మరలును. రాకపోకలకు బట్టిన కాలమునుబట్టి లోతును గణింతురు. సెకండులో నూఱుకోట్లవ వంతు కాలమున నీ తరంగము పొడి యిసుకలో సుమారు 15 సెంటీమీటర్లును, బాగుగ దడిసిన యిసుకలో సుమారు 6 సెంటీమీటర్లును బోవును. కావున నట్టి 20 వంతులలో మరలివచ్చిన తరంగము పొడినేల యైనచో 150 సెంటీమీటర్ల లోతును, తడినేల యైనచో 60 సెంటీమీటర్ల లోతును సూచించును. నేలస్వభావ మెఱుగక లోతు చెప్పుట ప్రమాదమని దీనివలన దేలుచున్నది.

ఈ సాధనముయొక్క శక్తికిని, పరిమితికిని మేలైన నిదర్శనము నార్వే దేశమున గలదు. అచ్చట వైకింగుల కాలమున సముద్రతీరమునకు జేరువగా నుండిన యెల్లెస్టాడ్ అను చోట, దున్నకములచే నేలమట్టమైన సమాధిదిబ్బలును, దీర్ఘగృహముల జాడలును, సుమారు 20 మీటర్ల యోడ యాకృతియు 2018లో రాడారుచే గనబడెను. త్రవ్వి చూచిన పిమ్మటగాని యోడకొయ్య చాలవఱకు శిథిలమైపోయెననియు, ఇనుపమేకుల వరుసలే యాకృతిని నిలిపెననియు దేటపడలేదు. రాడారు రూపమును జూపెను. వస్తుస్థితిని జెప్పినది పలుగును పారయునే.

మన తీరమున వేఱొక చిక్కు గలదు. ఉప్పునీరును, తడిసిన జిగటమన్నును తరంగములను మ్రింగివేయును. మోటుపల్లి ప్రాంతపు టిసుకనేలలు పొడిగా నున్నంతమేర నీ పరిశోధనకు ననుకూలములు. ఉప్పునీ రూరినచోట నవియు మూగవోవును. కృష్ణానది తెచ్చి పఱచిన నల్లమన్నుతో గూడిన ఘంటసాల పొలములలో ఫలిత మింకను గొంచెముగనే యుండును. కావున రాడారునకు జాడ చిక్కలేదని పట్టణమే లేదనుట తర్కమునకు నిలువదు. మూగనేలను వట్టినేలగా నెంచరాదు. అట్లే, కనబడిన గోడ కాకతీయులదో, నిన్నమొన్నటి యుప్పుకొఠారుదో రాడారు చెప్పజాలదు. కాలనిర్ణయమునకు మృణ్మయపాత్రలు, నాణెములు, శాసనములు, మట్టిపొరల క్రమము కావలెను.

కావున ముందుగా నిసుకమెట్టలను వేసవియందు బరీక్షించుటయు, అనుమానము గలిగినచోట జిన్న గోతిని ద్రవ్వి సరిచూచుటయు, జిగటనేలలయందు వేఱు సాధనముల నవలంబించుటయు యుక్తము. ఇందు జాగు తగదు. గత నాలుగు దశాబ్దులలో డెల్టాభూము లెన్నియో చేపల చెఱువులుగను, రొయ్యల చెఱువులుగను మాఱినవి. చెఱువు త్రవ్విన యంత్రము మట్టిపొరల నొక్కదినమున గలిపివేయును. పిదప నే రాడారును వానిని విడదీయజాలదు. గణపతిదేవుని మాట ఱాతిమీద నిలిచినది. ఆ మాటను నమ్మి వచ్చిన వర్తకుల యిండ్లజాడ మట్టిలో జెదరిపోకమున్నే దానిని గుర్తించుట మన విధి.