మధుర, తిరుచిరాపల్లి: నాయకరాజుల రెండు రాజధానులు

మధుర నాయకరాజుల రాజధాని మధుర యనుట సగమే సత్యము. 1736లో రాణి మీనాక్షితో ఆ వంశపాలన యంతరించునాటికి గద్దె తిరుచిరాపల్లిలో నుండెను. రెండు నగరముల నడుమ దూరము సుమారు 130 కిలోమీటర్లు. ఆ దారిని రాజపీఠము మూడుమార్లు కదలినది.

విశ్వనాథ నాయకుడు 1529లో పాలనకు వచ్చినప్పుడు మధురను గాక వేరొక నగరమును తలచుట కష్టము. అది పాండ్యుల పీఠము, మీనాక్షీసుందరేశ్వరుల నెలవు. విజయనగరమునుండి వచ్చిన తెలుగు కుటుంబమునకు దేశీయుల దృష్టిలో రాజత్వము ఆ యాలయపు నీడలోనే లభింపవలసియుండెను.

తిరుచిరాపల్లి బలము వేరు. మైదానమున నిటారుగా లేచిన యొంటిరాతికొండ, ప్రక్కనే కావేరి. నగరమునకు పడమట నది రెండుగా చీలి శ్రీరంగద్వీపమును చుట్టి పోవును. తంజావూరి పొలములకు నీరందు త్రోవ యిదియే. వల్లమును తంజావూరివారి కిచ్చి విశ్వనాథుడు ఈ స్థలమును గైకొనెనని ప్రతీతి. నిజమైనచో అది మంచి బేరమే. ఎగువ మైసూరు, దిగువ తంజావూరు. ఈ యిరువురిని కనిపెట్టుటకు ఇంతకంటె తగిన తావు లేదు. మొదటి ముత్తువీరప్ప నాయకుడు (1609–1623) కొలువును ఇచటికి మార్చెను.

తిరుమల నాయకుడు (1623–1659) తిరిగి మధురను చేరెను. రోగపీడితుడై దిండిగల్లులో నుండగా మీనాక్షీసుందరేశ్వరులు స్వప్నమున ఆనతిచ్చిరని స్థలకథ. కథ యెట్లున్నను, ఆయన మహలును, వండియూరు తెప్పకొలనును చూచినవారికి ఆయన కోరినది దుర్గము కాదు, వైభవమని తెలియును. దాని మూల్యము వృద్ధాప్యమున చెల్లింపవలసివచ్చెను. 1656లో మైసూరు సేన మధుర వాకిటికే వచ్చెను. నగరమును కాచినవాడు రామనాథపురపు సేతుపతి.

చొక్కనాథ నాయకుడు (1659–1682) ఆ సంగతిని మఱువలేదు. 1665 ప్రాంతమున కొలువు మరల కావేరితీరమునకు పోయెను. తాత మహలులో చాలభాగమును విప్పించి సామగ్రిని తిరుచిరాపల్లికి తరలించెనందురు. నేడు మధురలో మిగిలినది అందు కొంతయే. తాత వైభవమును మనుమడు బండ్ల కెక్కించుట కఠినముగ తోచినను, రాజ్యమును నిలుపగోరిన వానికి తప్పనిది. అయినను ఆ బండ యెల్లకాలము రక్షింపలేదు. నాయకుల పిమ్మట చందాసాహెబును, 1751–52లో ఆంగ్లేయ ఫ్రెంచి సేనలను దానికై పోరాడజేసినది.

గద్దెతో తెలుగును కదలినది. రాణి మంగమ్మ (1689–1706) తిరుచిరాపల్లినుండియే యేలెను. ఆమె మనుమడు విజయరంగ చొక్కనాథుడు శ్రీరంగమాహాత్మ్యమును తెలుగు వచనమున రచించెను. కావున తిరుచిరాపల్లి తెలుగువారిని మధురనుండి చీలిన కొమ్మగా మాత్రమే తలచుట సరికాదు. ఆ రాజు, ఆయన కుటుంబము చేతులు మోడ్చి నిలిచిన ప్రతిమలు నేటికిని శ్రీరంగాలయమున నున్నవి.